దాసోహమునకు లెక్క - పాలనావిద్యలో పట్టములు

బసవేశ్వరుడు భక్తిభాండారియని లోకమున ప్రసిద్ధుడు. ఆయన రాజభాండారి కూడనైన సంగతి మాత్రము పలువురు మరచుచుందురు. బిజ్జలుని కొలువున గణకుడుగా ప్రవేశించి, ధనాగారమునకు అధికారియై, తుదకు ప్రధాని పదవిని నిర్వహించినవాడాయన. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఒక కథ కలదు. బసవన్న రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునకు కొండెములు చెప్పిరి. బసవన్న భాండారమును రాజు కన్నుల యెదుట తెరపించి, మాడలు లెక్కింపజేసెను. ఒక్క మాడయు తగ్గలేదు. భక్తులు దీనిని శివమహిమగా పారాయణము చేయుదురు, అది యుచితమే. అయితే ఈ కథలో పాలనావిద్యకు సంబంధించిన పాఠమొకటి కూడ నున్నది. సొమ్ము అధికారిది కాదు. అడుగుటకు సొమ్ము గలవానికి హక్కు కలదు. అడిగిననాడే లెక్క చూపగలుగుట అధికారి ధర్మము. తన భక్తిని అడ్డుపెట్టుకొని బసవన్న ఆ లెక్కను తప్పించుకొనలేదు.

ఆయ్దక్కి మారయ్య కథ దీనికి జోడు. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము జరుపుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య అలవాటుకు మించి బియ్యము తేగా, భార్య లక్కమ్మ ఆ హెచ్చును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. నేటి మాటలలో చెప్పవలెనన్న ఆ యిల్లాలే ఆ దాసోహమునకు ఆడిటరు.

ప్రజల సొమ్మును, ప్రజల పనిని ఎట్లు నడుపవలెనో శాస్త్రముగా బోధించు చదువునకు ప్రభుత్వ పాలనాశాస్త్రమని పేరు. కళాశాలలలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అనియే వాడుక. 1887లో అమెరికాలో ఉడ్రో విల్సన్ వ్రాసిన వ్యాసముతో ఇది రాజనీతిశాస్త్రమునుండి వేరుపడ నారంభించెనని పెద్దలు చెప్పుదురు. మన దేశమున 1953లో పాల్ ఆపిల్బీ యిచ్చిన నివేదికను అనుసరించి 1954లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వెలసినది. తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధించిన ఆచార్య జి. రాంరెడ్డి 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపకులపతి అయ్యెను. మొదటిది 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరున నడచుచున్నది. పాలన చదివినవాడు సంస్థలను కట్టగలడనుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వెదుకనక్కరలేదు.

ఇంటర్మీడియెట్ ముగించిన విద్యార్థికి మొదటి మెట్టు బి.ఏ. పట్టము. అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము, చరిత్రలతో పాటు ప్రభుత్వ పాలనను ఒక పాఠ్యాంశముగా తీసికొను అవకాశము ఉభయ తెలుగు రాష్ట్రములలోను అనేక కళాశాలలలో కలదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున దీనిని తెలుగు మాధ్యమముననే చదువుకొనవచ్చును. ఇంజనీరింగు సీటు దొరకనివాని చదువు బి.ఏ. అని పెక్కిండ్లలో ఒక చిన్నచూపు ఉన్నది. ఆ చూపునకు భయపడి, లెక్కలంటే గిట్టని పిల్లవానిని నాలుగేండ్లు యంత్రశాస్త్రములో బంధించుట వానికిని, ఇంటికిని నష్టమే.

దీని తరువాత ఎం.ఏ. ఉస్మానియాలోను, పైన చెప్పిన రెండు సార్వత్రిక విశ్వవిద్యాలయములలోను ఈ శాస్త్రమున ఎం.ఏ. కలదు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమున ఏ పట్టము గలవారైనను చేరవచ్చును. కనీసము రెండేండ్లలో, అధికముగా నాలుగేండ్లలో ముగింపవచ్చును. ఉద్యోగము చేయుచున్న గుమాస్తాలకు, పంచాయతి కార్యదర్శులకు ఇది మిక్కిలి అనుకూలము.

ఇచ్చట ఒక నిజము దాచరాదు. ఈ పట్టమునే ప్రత్యేకముగా కోరు ప్రభుత్వోద్యోగములు, అధ్యాపక పదవులు తప్ప, అరుదు. సివిల్ సర్వీసులకు గాని, గ్రూప్-1 పరీక్షకు గాని సాధారణముగా ఏ పట్టమైనను చాలును. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో ప్రభుత్వ పాలన ఐచ్ఛికాంశములలో ఒకటి. 2013కు ముందు రెండు ఐచ్ఛికాంశములుండెను. ఆ యేటినుండి ఒక్కటే. అయినను అందరు వ్రాయవలసిన పత్రములలోనే పరిపాలన, అధికార నైతికత అను విషయములు చేరినవి గనుక ఈ చదువు అక్కరకు రాకపోదు. పరీక్షలో తప్పినవానికి వేరొక దారి యుండవలెనని తలచు తల్లిదండ్రులు రెండవ శాఖను గూర్చి తెలిసికొనుట మంచిది. అదియే లాభాపేక్ష లేని సేవాసంస్థల నిర్వహణ.

ఈ శాఖతో వీరశైవ సమాజమునకు పాత చుట్టరికమే కలదు. 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు కలిసి కర్ణాటక లింగాయత ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిరి. ధనవంతులు కారు, బడిపంతుళ్లు. తుమకూరు సిద్ధగంగామఠమున 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమారస్వామివారి కాలమున వేలకొలది బాలురు కులమతభేదము లేక ఉచితముగా భుజించి, వసించి, చదువుకొనిరి. వేలమందికి పొద్దున అన్నము వడ్డించుటకు భక్తి యొక్కటియే చాలదు. బియ్యము ఎంత, కట్టెలు ఎన్ని, ఎవరి బాధ్యత ఏది, దాత యిచ్చిన రూపాయి ఏ పద్దున పడినది అను సంగతులు ముందురాత్రియే తేలవలెను.

చిన్న సంస్థలలో జరుగునది వేరు. ఒక పెద్దమనిషి నోటిమాటపై విద్యార్థి వసతిగృహము ఇరువది యేండ్లు చక్కగా నడచును. ఆయన కన్నుమూసిన పిమ్మట చూడగా రసీదులుండవు, తీర్మానముల పుస్తకముండదు, పన్ను మినహాయింపు నమోదు గడువు దాటియుండును. ఎవరును దొంగిలింపలేదు, అయినను లెక్క చూపలేరు. గృహము మూతపడును, పిల్లలు ఊళ్లకు మరలిపోవుదురు. ఇది దొంగతనముకంటె తక్కువ నష్టమని చెప్పుటకు వీలులేదు.

నేడు చట్టములును పెరిగినవి. సంఘముల నమోదునకు 2001 నాటి చట్టము, మఠములకు ధర్మాదాయములకు 1987 నాటి చట్టము తెలుగు రాష్ట్రములలో తెలిసియుండవలసినవి. విదేశముల భక్తులు సొమ్ము పంపదలచిన 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము అడ్డుగా నిలుచును. 2020 సవరణతో ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో తెరచిన ఖాతాకే రావలెననియు, పాలనా వ్యయము అందు 20 శాతము మించరాదనియు ఏర్పడినది. అంతకుముందు 50 శాతమువరకు అనుమతి యుండెను. మరియొక ప్రక్క, 2013 కంపెనీల చట్టము వలన 2014 ఏప్రిల్ నుండి పెద్ద కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభమున కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలసి వచ్చినది. ఆ సొమ్మును ప్రణాళిక, లెక్క, నివేదిక చూపగల సంస్థలే పొందగలవు. ఈ పని తెలిసిన యువకులకు జీతములిచ్చువారు అట్లు ఏర్పడిరి.

ఇందుకు చదువులు పెక్కు. ఎం.ఎస్.డబ్ల్యు. అను సోషల్ వర్క్ పట్టము రెండేండ్లది; క్షేత్రకార్యము దీనికి ప్రాణము. 1936లో బొంబాయిలో ఆరంభమైన టాటా సంస్థ ఈ విద్యకు మన దేశమున పుట్టినిల్లు. దానికి హైదరాబాదున శాఖ యున్నది. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము అభివృద్ధి శాస్త్రమున ఎం.ఏ. బోధించుచు, పేదవిద్యార్థులకు రుసుము సాయము చేయుచున్నది. గుజరాతులోని ఆనందున 1979లో వర్గీస్ కురియన్ స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థ సహకార సంఘములను నడుపగలవారిని తయారుచేసినది. 2025లో పార్లమెంటు చట్టము దానిని త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయముగా మార్చెను. అచ్చటి విద్యార్థులు పల్లెలలో వసించి నేర్చుకొనుట ఆచారము. రుసుము మాత్రము లక్షలలో నుండును. బ్యాంకు అప్పుతో చేరదలచినవారు సేవాసంస్థల తొలి జీతములు స్వల్పమని ముందే ఎరుగవలెను.

చేరకమున్ను అడుగవలసినవి కొన్ని. క్షేత్రకార్యము ఎన్ని వారములు? జమాఖర్చు వ్రాయుట నేర్పుదురా, లేక సిద్ధాంతములే వల్లింతురా? దూరవిద్య అయినచో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ యేటికి ఆ పట్టమును గుర్తించినదా? వేసవి సెలవులలో పిల్లవానిచేత గాని, ఆడపిల్లచేత గాని ఊరి దాసోహమునకో, వసతిగృహమునకో ఒక నెల లెక్కల పుస్తకము వ్రాయించి చూచినచో వారి అభిరుచి తెలియును. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమున జనవరిలోను, జూలైలోను ఏటికి రెండుమారులు ప్రవేశములు జరుగును గనుక, ఈమారు తప్పినవారు ఆరుమాసములకు మరల దరఖాస్తు పెట్టుకొనవచ్చును.