హేమంతపు నైవేద్యం: అనపకాయలు, గుమ్మడి, గెనసుగడ్డ

మార్గశిరం ప్రవేశించి మంచు పట్టడం మొదలైన పిదప గుడిబండ, మడకశిర సంతలలో అడుగుపెట్టిన వారిని మొదట పలకరించేది అనపకాయల వాసన. కాయను చేత పట్టుకుంటే వేళ్లకు సన్నని జిడ్డు అంటుతుంది. చేయి కడుగుకొన్నా ఆ వాసన ఒక పూట వరకు పోదు. ఆ కాయను గూర్చి, దానితోబాటు ఈ కాలంలో మన ఇండ్లలో వండదగిన మరి రెండు మూడింటిని గూర్చి నాకు తెలిసినంత ఈ వ్యాసంలో మనవి చేస్తాను. అంతకు ముందు నా తప్పొకటి చెప్పుకోవలసి ఉన్నది.

గత ధనుర్మాసంలో మన అన్నదాన వంటశాలకు వచ్చే కూరగాయల పర్యవేక్షణ నాకు అప్పగించారు. ఒక శనివారం ఉదయం ఒక దాత హిందూపురం మార్కెట్టు నుండి ఆటో నిండా కాలీఫ్లవరు, క్యాబేజీ, క్యారెట్టు బస్తాలు పంపారు. వాటిని దింపిస్తూ ఉండగా ఏదో పల్లె నుండి నడిచి వచ్చిన ఒక అవ్వ, కొంగులో రెండు కిలోల అనపకాయలు మూటగట్టుకొని గుమ్మం వద్ద నిలబడింది. "అమ్మా, ఇవి సామికి పనికొస్తాయా? మా చేన్లోవే" అని అడిగింది. "ఇక్కడ అనపకాయలు వండం అవ్వా, ఇంటికి తీసుకుపో" అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు. మూట మళ్లీ బిగించి, స్వామికి దండం పెట్టుకొని, పంక్తిలో కూర్చొని కాలీఫ్లవరు కూరతో భోంచేసి వెళ్లిపోయింది.

అనపకాయలు వండరాదనే నియమం మన ఆలయంలో ఏనాడూ లేదు. ఆ మాట నా భయం పలికించినది.

సుమారు ఇరవై ఏండ్ల క్రితం, నేను బడిలో పనిచేస్తున్న రోజుల్లో, ఒక కార్తిక వనభోజనానికి వంట బాధ్యత తీసుకున్నాను. కార్తికానికి పచ్చి అనపకాయ ఇంకా చేతికి రాదు కనుక గత సంవత్సరపు ఎండు గింజలు తెచ్చాను. రాత్రే నానబెట్టవలసినది మరచి, ఉదయం ఒక గంట మాత్రం నానబెట్టాను. ముందురోజు వాన కురిసి కట్టెలు తడిశాయి; మంట నిలవలేదు. ఉసిరిచెట్టు కింద పూజ ముగిసింది, పిల్లలు ఆకలంటున్నారు. గింజ పలుకుగా ఉన్నదని నాకు తెలుసు. తెలిసే వడ్డించాను. ఆ రాత్రి పదిమందికి పైగా వాంతులు చేసుకున్నారు. వారిలో నా చెల్లెలి కొడుకు, ఐదేండ్లవాడు, తెల్లవారే వరకు ఆసుపత్రిలో సెలైను పెట్టించుకొని పడుకున్నాడు. వాడిప్పుడు ఉద్యోగస్థుడు. ఇంటికి వచ్చినప్పుడు అన్నీ తింటాడు, అనపగింజ ముట్టడు. నేనూ అప్పటి నుండి పదిమందికి దానిని వండలేదు.

అవ్వ వెళ్లిపోయిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. తప్పు గింజదా, నాదా అని విచారించడం అప్పుడు మొదలుపెట్టాను.

ముదిరి ఎండిన అనపగింజలో, చాలా చిక్కుడు జాతి గింజలలో వలెనే, కడుపును బాధించే పదార్థాలు కొన్ని ఉంటాయి. అవి నానబెట్టిన నీటిలోకి కొంత దిగుతాయి. పొంగే నీటిలో బాగా ఉడికితే శక్తి కోల్పోతాయి. గోరువెచ్చని మంటపై ఎంతసేపు ఉంచినా అవి పూర్తిగా పోవు. కనుక ఎండు గింజకు నేనిప్పుడు పాటిస్తున్న విధానం ఇది: ముందురోజు సాయంత్రం నానబెట్టి కనీసం పది గంటలు ఉంచడం, ఆ నీటిని పారబోయడం, కొత్త నీటిలో పది నిమిషాలు తెర్లించి ఆ నీటినీ వంపివేయడం, మూడవసారి పోసిన నీటిలో, గింజ రెండు వేళ్ల మధ్య వెన్నవలె నలిగే దాకా ఉడికించడం. ఉప్పు ఆ తరువాతనే. కుక్కరు ఉన్నవారు మూడవ ఉడుకు అందులో కానీయవచ్చు. పచ్చి గింజకు ఇంత శ్రమ లేదు, కానీ దానినీ పూర్తిగా ఉడికించే తినాలి.

ఈ పంట శీతకాలంలోనే ఎందుకు వస్తుందనేది తెలుసుకోదగిన విషయం. మన ప్రాంతంలో సంవత్సరానికి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వానను నమ్మి ఖరీఫులో వేరుశనగ, రాగి విత్తేటప్పుడు మధ్య మధ్య ఒక సాలు కందులో, అలసందలో, అనపలో వేయడం రైతుల అలవాటు. నాటు అనప పొద్దు తగ్గితే గాని పూత పట్టదు. శ్రావణంలో ఎంత ఏపుగా పెరిగినా, పగటి వేళ కురచబడే దాకా తీగ పూవు కోసం వేచి ఉంటుంది. అప్పటికి ప్రధాన పంట కోత అయిపోతుంది. నేలలో మిగిలిన తేమతో, మంచుతో అనప కాస్తుంది. వేరు బుడిపెలలో నత్రజనిని నిలిపి నేలకూ కొంత మేలు చేస్తుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పొద్దుతో నిమిత్తం లేక కాసే హెబ్బాళ్ అవరే రకాలను విడుదల చేసిన తరువాత ఇప్పుడు వేసవిలో కూడా ఈ కాయ దొరుకుతున్నది. తిన్నాను, ఆ వాసన లేదు.

అన్నట్టు, పేరు విషయమై ఒక హెచ్చరిక. మన వైపు అనపకాయ అంటే చిక్కుడు వంటి ఈ కాయ. కన్నడం మాట్లాడే ఇండ్లలో అవరేకాయ. కోస్తా జిల్లాల వారికి ఆనపకాయ అంటే సొరకాయ. సంక్రాంతికి అనపకాయలు కావాలని ఫోనులో చెబితే, విశాఖ వైపు నుండి వచ్చిన ఒక భక్తుడు భక్తిగా పన్నెండు సొరకాయలు మోసుకొచ్చారు. వాటిని పెసరపప్పుతో వండి నివేదించాము.

నైవేద్యానికి ఏవి యోగ్యం, ఏవి కావు అనే ప్రశ్న తరచు వస్తుంది. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో బంగాళాదుంప, టమాటా, కాలీఫ్లవరు వంటివి వాడరు. అనేక ఆలయాల మడపళ్లిలో నేటికీ మిరపకాయకు బదులు మిరియమే. ఇవి విదేశాల నుండి వచ్చిన శాకాలు కనుక వర్జ్యమని పెద్దలు చెబుతారు. ఆ నియమాన్ని పాటించే క్షేత్రాలలో దానిని గౌరవించవలసినదే. అయితే దాని కారణం దూరదేశపు పుట్టుక ఒక్కటే అనుకుంటే లెక్క కుదరదు. మనం ఇష్టంగా సమర్పించే తీపి గుమ్మడి, గెనసుగడ్డ కూడ మిరపకాయ వలెనే అమెరికా ఖండాల నుండి వచ్చినవి. మన జిల్లా రైతును బ్రతికించిన వేరుశనగ దక్షిణ అమెరికాది. రాగి ఆఫ్రికా నుండి వేల ఏండ్ల క్రితం వచ్చి మన సంగటి అయింది. గీత తొమ్మిదవ అధ్యాయంలో 26వ శ్లోకం పత్రం, పుష్పం, ఫలం, జలం అని నాలుగే చెప్పి, వాటిని తెచ్చే మనస్సు గురించి మాట్లాడుతుంది. కాలీఫ్లవరు పంపిన దాతను నేను తక్కువ చేయడం లేదు. ఆయన బస్తాలు ఆ వారం మూడు వందల విస్తళ్లకు సరిపోయాయి. అవ్వ కొంగును తక్కువ చేసినది నేను.

ఇక వంట. చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం ఋతుచర్యను బోధిస్తుంది. హేమంతంలో బయటి చలి వల్ల జఠరాగ్ని బలపడుతుందనీ, దానికి తగిన ఆహారం అందకపోతే అది దేహంలోని రసాన్నే హరిస్తుందనీ, కనుక పాలు, బెల్లం, నూనె, కొత్తబియ్యపు అన్నం వంటివి తీసుకోవాలనీ అక్కడి భావం. గింజలు, దుంపలు ఈ కాలంలో అరుగుతాయని మన ఇండ్లలో అవ్వలు చెప్పే మాట దీనికి దగ్గరగానే ఉన్నది.

పితికిపప్పు. ఐదుగురికి కిలోన్నర కాయ కావాలి; ఒలిస్తే సుమారు మూడో వంతు గింజ దిగుతుంది. గింజలను రాత్రి నీళ్లలో వేసి ఉదయం ఒక్కొక్కటి బొటనవేలితో నొక్కితే తోలు చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఇది ఒక్కరు చేసే పని కాదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటే అరగంటలో అవుతుంది, ఒక్కరే కూర్చుంటే విసుగు పుట్టి సగం తోలుతోనే వేసేస్తారు. పప్పు మెత్తగా ఉడికిన తరువాత అర చిప్ప కొబ్బరి, ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, రెండు చెంచాల ధనియాలు, చిన్న అల్లం ముక్క, గుప్పెడు కొత్తిమీర కలిపి నూరిన ముద్దను వేసి పది నిమిషాలు తెర్లనివ్వాలి. నేతిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు. నైవేద్యానికి ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఇంగువ ఉన్నచోట వాటి కొరత తెలియదు. రాగి ముద్దకు దీనిని మించిన తోడు నాకు తెలియదు. గింజలు మిగిలితే ఉడికించి, రాగిపిండిలో కొబ్బరి తురుము, కొత్తిమీరతో కలిపి, పెనం మీద తట్టి మూతపెట్టి సన్నని సెగపై కాల్చిన రొట్టె పిల్లల బడి డబ్బాకు అనుకూలం.

కార్తికంలో ద్విదళ వ్రతం పట్టేవారు పప్పుధాన్యాలు ముట్టరు. వారి చాతుర్మాస్యం ముగిసిన కొద్ది రోజులకే అనప చేతికి వస్తుంది. వ్రతస్థుల ఇండ్లలో ఆ మొదటి పితికిపప్పుకు ఉండే ఆదరం చూచి తీరవలసినది.

గుమ్మడికి వంట స్వల్పం. తొక్కతోనే పెద్ద ముక్కలు తరిగి, అర గ్లాసు నీటితో మూతపెట్టి మగ్గించి, కొంచెం బెల్లం, మిరియాల పొడి, కొబ్బరి వేస్తే చాలు. ఒక చెంచా నెయ్యి మాత్రం మానవద్దు: గుమ్మడి పసుపురంగులో ఉన్న కెరోటిన్‌ను దేహం విటమిన్ ఎ గా మార్చుకొంటుంది, అది ఒంటబట్టడానికి కొవ్వు కావాలి. గింజలు పారవేయక ఎండబెట్టి వేయించుకోవచ్చు.

గెనసుగడ్డ విషయంలో నాకు పట్టుదల ఉన్నది. ఉడకబెట్టిన దుంప వేరు, కాల్చిన దుంప వేరు. వంట ముగిసిన పొయ్యిలో బూడిదను పక్కకు తీసి, మధ్యరకం దుంపలను పరచి, బూడిద కప్పి, పైన నిప్పులు సర్ది ముప్పావు గంట వదిలితే తొక్క నల్లబడి లోపల తేనె వలె అవుతుంది. నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు దుంపలోని పిండిపదార్థం తీపిగా మారుతుంది. తొందరపడి పెద్దమంట పెడితే ఆ మార్పుకు వ్యవధి ఉండదు. పొయ్యి లేని ఇండ్లలో మందపాటి బాణలిలో మూతపెట్టి, సన్నని సెగపై తిప్పుతూ కాల్చుకోవచ్చు. ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 45 నుండి 50 నిమిషాలు ఉంచాలి. నైవేద్యానికి నెయ్యి, ఏలకి తప్ప మరేమీ అక్కరలేదు. మధుమేహం ఉన్నవారు ఆ రోజు అన్నం తగ్గించి చిన్న ముక్కతో తృప్తిపడడం మంచిది. నేను అదే చేస్తున్నాను, అప్పుడప్పుడు తప్పుతున్నాను.

ఉసిరికాయను మరువరాదు. అందులోని విటమిన్ సి, ఆకుకూరలలోని, రాగులలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. పాలకూర పప్పులో చివర ఒక ఉసిరికాయ తురిమి వేస్తే చింతపండు అవసరం ఉండదు.

ఈ ధనుర్మాసం నుండి మన వంటశాల గుమ్మం వద్ద ఒక వెదురుగంప పెట్టించాము. మీ చేనిలో, పెరటిలో ఈ కాలంలో పండినది ఏదైనా, పిడికెడైనా అందులో వేయవచ్చు. ఎండు గింజలు తెచ్చేవారు ముందురోజు మధ్యాహ్నానికే అందజేయాలి, నానబెట్టడానికి వ్యవధి కావాలి. వెయ్యి రూపాయల విరాళానికి ఇచ్చినట్లే గంపలో వేసిన దానికీ రసీదు ఇస్తాము. దానిపై దాత పేరు, ఊరు రాయించుకొంటాము. పోయిన సంవత్సరం ఆ అవ్వను నేను ఊరి పేరైనా అడగలేదు. పొట్టి మనిషి, కుడి చేతిపై తులసికోట పచ్చబొట్టు ఉన్నది. మీ ఊరివారైతే, గంప పెట్టామని ఆమెతో చెప్పగలరు.