ఐ.పి. కాగితమును చదువు విధము

సంఘ సభ్యులగు రైతులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మా పంట కొన్న షావుకారు ఐ.పి. పెట్టినాడట. ఇక మా సొమ్ము పోయినట్లేనా?" మేము పొలములలో తెగుళ్లను గూర్చి చెప్పువారమే గాని వకీళ్లము కాము. అయినను ఆకుపై మచ్చ కనబడగనే ఏ రైతును పైరు దున్నివేయడు. ఆకు తిరుగవేసి, మచ్చ రంగు చూచి, తెగులేదో నిశ్చయించుకొనును. కోర్టు కాగితమును గూడ నట్లే చదువవలెను.

ఐ.పి. యనగా ఇన్సాల్వెన్సీ పిటిషను, అనగా దివాలా దరఖాస్తు. ఇది 1920 సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము ననుసరించి నడచును. అయిదువందల రూపాయలకు తక్కువ కాని అప్పులుండి తీర్చలేనివాడు తానే దాఖలు చేయవచ్చును. కొన్ని సందర్భములలో అప్పిచ్చినవారును చేయవచ్చును. 2016లో క్రొత్త దివాలా స్మృతి వచ్చినది. కాని అందు వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరు 1 నుండి, కంపెనీల అప్పులకు స్వయముగా హామీ పడినవారి విషయమున మాత్రమే అమలులోనికి తెచ్చిరి. సామాన్య వర్తకుని ఐ.పి.కి పాత చట్టమే ఆధారము.

ఎక్కడ వెదకవలెను? బాకీదారు నివసించుచోట గాని, వ్యాపారము చేయుచోట గాని యున్న జిల్లా కోర్టులో, లేదా ఆ యధికారము పొందిన సబు కోర్టులో పిటిషను పడును. ఒక వర్తకుడు ఖమ్మమున మిర్చి కొట్టు నడపుచు, కాపురము హైదరాబాదు బంజారా హిల్సున నుంచెననుకొందము. అప్పుడు ఖమ్మము కోర్టులోను, హైదరాబాదు నగర సివిల్ కోర్టులోను గూడ వెదకవలెను. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరును, సంవత్సరమును ఇచ్చి చూడవచ్చును. ఇంటిపేరు ముందును వెనుకను పెట్టి, అక్షరములు మార్చి రెండు మూడు మారులు వెదకుడు. తండ్రిపేరు, చిరునామా సరిపోల్చనిదే ఆ మనిషి యని నమ్మరాదు. నంబరు దొరకిన పిమ్మట కోర్టు నకళ్ల విభాగములో దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన నకలు తీసికొనుడు.

నకలు చేతికి రాగానే మొదట చూడవలసినది దశ. దశలు మూడు. మొదటిది పిటిషను దాఖలగుట. ఇది కోరిక మాత్రమే. కోర్టు దీనిని కొట్టివేయవచ్చును. రెండవది దివాలాదారని కోర్టు ప్రకటించు ఉత్తరువు. అప్పుడు ఆస్తి కోర్టు వశమునకు గాని రిసీవరు వశమునకు గాని పోవును. అటుపిమ్మట కోర్టు అనుమతి లేక సామాన్య ఋణదాత దావా వేయరాదు. ఈ యుత్తరువు ప్రభుత్వ గెజిటులో ప్రకటింపబడును. మూడవది విడుదల యుత్తరువు. దానితో మోసముచేత చేసినవి, ప్రభుత్వమునకు చెల్లవలసినవి మొదలగు కొన్ని తప్ప తక్కిన పాత అప్పులు రద్దగును.

మొదటి దశను రెండవదిగా భ్రమించుటయే రైతును చెరచుచున్నది. మా సభ్యుడగు నొక పెద్దాయన పత్రికలో పడిన కోర్టు ప్రకటనను మాకు తెచ్చి చూపెను. మేము పై పంక్తి మాత్రము చదివి, "ఐ.పి. పడినది" అని తిరిగి యిచ్చితిమి. ఆయన దానిని ప్రామిసరీ నోటుతో గలిపి చూరులో దోపెను. రెండేండ్ల తరువాత వెదకి చూడగా పిటిషను కొట్టివేయబడి యుండెను. అప్పుల జాబితాలో ఆయన పేరే లేదు. నోటునకు గల మూడేండ్ల గడువు మాత్రము దాటిపోయెను. పిటిషను పడినంత మాత్రమున గడువు ఆగదని మేము నాడు చెప్పలేకపోతిమి. షావుకారు దివాలా కాలేదు. మరుసటి కారు విత్తనములకును ఎరువులకును ఉద్దేశించిన ఆ పెద్దాయన సొమ్మే పోయెను. ఆ తప్పులో మాకును పాలు కలదు. ఈ పాఠము వ్రాయుటకు కారణ మదియే.

తరువాత రెండు జాబితాలు చదువుడు. అప్పుల జాబితాలో మీ పేరు, మొత్తము సరిగా నున్నవా చూడుడు. అందు బాకీదారు సంతకమున్నచో నది బాకీ యొప్పుకోలుగా గడువు విషయమున పనికిరావచ్చును, వకీలునకు చూపుడు. పేరు లేనిచో దివాలా యుత్తరువు పిమ్మట, విడుదలకు ముందెప్పుడైనను, మీ బాకీని నిరూపించి జాబితాలో చేర్పించుకొనవచ్చును. అఫిడవిటు అనబడు ప్రమాణపత్రమును రిజిస్టర్డు తపాలాలో కోర్టునకు పంపినను చాలునని చట్టమే చెప్పుచున్నది.

ఆస్తుల జాబితాలో లేనిదేదో గమనించుడు. బంజారా హిల్సు ఇల్లు అందు కానరానిచో సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈ.సి. తీయించుడు. పిటిషనుకు ముందు రెండేండ్ల లోపల ఆ యిల్లు తగిన వెల లేకయే బంధువుల పేరికి మారియుండిన, రిసీవరు దానిని రద్దు చేయించుటకు కోరవచ్చును.

రైతే దివాలాదారైనను సేద్యపు పనిముట్లు, జీవనమునకు వలసిన పశువులు, విత్తనములు, అతడు కాపురముండు ఇల్లు జప్తునకు లోబడవు.

కావున సోదరులారా, పంట అరువిచ్చుటకు ముందే కొనువాని పేరు వెదకుడు. ఐ.పి. యని వినినచో నోటు తేదీ చూచుకొని, ఏ దశలో నున్నదో ఆ వారముననే తెలిసికొనుడు. కాగితమును చూరులో దోపక సంఘ కార్యాలయమునకు తెండు. ఈ మారు మేము చివరి పంక్తి వరకు చదివెదము.