ప్రశ్నలు - జవాబులు: చెయ్యి చేసుకుంటే కేసు పెట్టాల్సిందే

ప్ర: అల్వాల్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. పోయిన నెల నైట్ డ్యూటీలో గుండెపోటుతో తెచ్చిన పెద్దాయన కాసేపటికే చనిపోయారు. బంధువులు నా చెయ్యి మెలితిప్పారు, కౌంటరు అద్దాలు పగలగొట్టారు. కేసంటే ఆసుపత్రి పేరు పోతుంది, వదిలెయ్యమంటోంది మేనేజ్‌మెంటు. ఇంట్లోవాళ్లేమో ఉద్యోగమే మానెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?
- ఓ సోదరి, అల్వాల్

జ: వదిలెయ్యకండమ్మా. మీలాంటి వాళ్ల కోసమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఒక చట్టం వచ్చింది. తెలంగాణలోనూ అది అమల్లో ఉంది. డాక్టరు, నర్సు, పారామెడికల్ సిబ్బంది ఎవరి మీద చెయ్యి చేసుకున్నా మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. నాన్‌బెయిలబుల్ నేరం. పగలగొట్టిన సామానుకు రెట్టింపు పరిహారం కట్టాలి. ఆసుపత్రి సర్కారుదా ప్రైవేటుదా అన్న తేడా లేదు.

మేనేజ్‌మెంటు కదలకపోతే మీరే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల గడిచినా దారి మూసుకుపోలేదు. ఆలస్యం ఎందుకైందో అందులోనే రాయండి. సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే భద్రపరచమని ఈరోజే లెటరు పెట్టండి. కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన హత్యాచారం తర్వాత, 2024 ఆగస్టులో, సిబ్బందిపై దాడి జరిగితే ఆరు గంటల్లోపు సంస్థే ఎఫ్ఐఆర్ పెట్టించాలని కేంద్రం తన ఆసుపత్రులను ఆదేశించింది. మీ మేనేజ్‌మెంటూ అదే పద్ధతి పాటించాలని అడగండి. దెబ్బ తిన్న నర్సు ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కాల్సి రావడం ఏ ఆసుపత్రికైనా సిగ్గుచేటు.

కేసొక్కటే చాలదు. మీకు దగ్గర్లోని గాంధీ ఆసుపత్రినే చూడండి. 2020 జూన్‌లో కొవిడ్ రోగి చనిపోతే బంధువులు జూనియర్ డాక్టరును కొట్టారు. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద బైఠాయించారు. వాళ్లు పోలీసు కాపలా ఒక్కటే అడగలేదు. కొవిడ్ రోగులందరినీ గాంధీకే పంపకుండా మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు, సిబ్బందిని పెంచమన్నారు. ఒక్కరి మీద పది మంది పని పడ్డచోట రోగి బంధువుకు మాట చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ మౌనంలోంచే అనుమానం, అందులోంచి దాడి పుడతాయని నా నమ్మకం. అదే గాంధీలో 2024 సెప్టెంబరులో క్యాజువాలిటీలోనే ఓ మహిళా జూనియర్ డాక్టరు మీద దాడి జరిగింది. అంటే కాపలా కూడా కావాల్సిందే.

కాబట్టి మీ ఆసుపత్రిలో ఇవి పట్టుబట్టి సాధించండి. చావు కబురు నర్సు చేత చెప్పించకూడదు. డ్యూటీ డాక్టరే బంధువులను పక్కగదిలో కూర్చోబెట్టి, వాళ్లకర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ సమయంలో బిల్లు ఊసెత్తకూడదు. రోగి దగ్గర ఒక్కరే అటెండెంట్ ఉండాలి. రాత్రిపూట సెక్యూరిటీ గార్డు క్యాజువాలిటీ తలుపు దగ్గరే ఉండాలి.

ఉద్యోగం మానెయ్యడం మాత్రం మీరు పడాల్సిన శిక్ష కాదు.

ప్ర: డాక్టరు నిర్లక్ష్యం వల్లే నాన్న పోయారని మా అనుమానం. ఆసుపత్రిలో ఎవరూ జవాబు చెప్పడం లేదు. గొడవ చెయ్యకపోతే ఎవరు పట్టించుకుంటారు?
- ఓ పాఠకుడు, అల్వాల్

జ: మీ బాధ న్యాయమైనదే బాబూ. కేసు షీటు, రిపోర్టులు కావాలని రాసివ్వండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి. వాటితో తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు చెయ్యండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యమైతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. సుప్రీంకోర్టు 1995లోనే ఆ హక్కును ఖాయం చేసింది. చెయ్యెత్తారా, నిందితులు మీరే అవుతారు, మీ నాన్నగారి సంగతి వెనకబడిపోతుంది. ముందు ఆ కాగితాలు తీసుకోండి.