అష్టముడి ఆల్చిప్పలు: సుస్థిర వేటకు తొలి గుర్తింపు

కేరళలోని కొల్లం జిల్లా అష్టముడి సరస్సు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. పోటీ పరీక్షల అభ్యర్థులు చాలామంది ఇంతవరకే చదివి వదిలేస్తారు. అసలు తెలుసుకోవాల్సింది దాని అడుగు ఇసుకలో ఉంది.

అక్కడి షార్ట్‌నెక్ క్లామ్ రకం ఆల్చిప్పలకు విదేశాల్లో గిరాకీ పెరిగి, 1990ల ఆరంభంలో దిగుబడి పడిపోయింది. అప్పుడు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తల సలహాతో కట్టుబాట్లు వచ్చాయి. గుడ్లు పెట్టే డిసెంబరు–ఫిబ్రవరిలో వేట బంద్. పిల్ల చిప్పలు జారిపోయేలా వల కన్ను పరిమాణంపై నిబంధన. కిలో మాంసానికి 1,400కు మించి తూగేంత చిన్నవైతే ఎగుమతికి పనికిరావు. అన్నిట్లోకీ పదునైన నియమం ఇదే: పట్టినా కొనేవారుండరు.

2014లో ఈ ఆల్చిప్పల వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ సుస్థిరత ధ్రువీకరణ దక్కింది. భారత్‌లో ఇదే మొదటిది.

ఇలాంటి విరామమే సముద్రంలోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్ సహా తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 – జూన్ 14. పడమటి తీరంలో జూన్ 1 – జూలై 31. రెండూ 61 రోజులే. తెడ్లతో నడిచే సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది.