ఆ పిల్లను మాట్లాడనివ్వండి

భీమడోలు, నిడమర్రు, ఆకివీడు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎమ్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. 2022లో జిల్లాలు విడిపోయాక నేను తిరిగిన ఊళ్లు కొన్ని ఏలూరు జిల్లాలోకి, కొన్ని పశ్చిమ గోదావరిలోకి వెళ్లాయి గానీ, ఆడపిల్లల బాధలు రెండు వైపులా ఒకటే. ఇప్పటికీ సాయంత్రం పూట ఎవరో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది. “నర్సమ్మగారండీ, పిల్లకి నెలనెలా సరిగ్గా రావట్లేదండీ” అని తల్లే చెబుతుంది. పిల్ల తలెత్తదు.

మా వైపు ముప్పై, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్లలో చాలామందికి బాధ పదిహేను పదహారేళ్లప్పుడే మొదలైందని తెలుస్తుంది. అప్పుడు ఎవరూ వినలేదు. నా అనుభవంలో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. తల్లులూ చదవాలి, పిల్లలూ చదవాలి.

1. తేదీ క్యాలెండరు మీద ఉండాలి

ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగితే, “అట్లతద్దికి వచ్చిందండీ, కార్తీక పౌర్ణమికి రాలేదండీ” అంటారు. పండుగల గుర్తులతో డాక్టరు లెక్క కట్టలేరు. గోడ మీది క్యాలెండరులో మొదలైన రోజుకీ ఆగిన రోజుకీ సున్నా చుడితే చాలు. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు పడక్కర్లేదు. ఆ వయసులో ప్రతి నెలా అండం విడుదల కాదు. మూడేళ్లు దాటాక 21 నుంచి 35 రోజుల మధ్యకు కుదురుకోవాలి. స్రావం ఏడు రోజులకు మించకూడదు. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా 90 రోజులు రాకుండా ఉంటే చూపించి తీరాలి. అప్పుడు డాక్టరు గర్భం పరీక్ష కూడా రాస్తే తల్లులు కోపగించుకోకండి. అది పిల్ల మీద అనుమానం కాదు, ఎవరికైనా పాటించే పద్ధతే.

2. పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోతే ఆగకండి

కొల్లేటి లంకలో ఒక అమ్మాయి. పదో తరగతి. రజస్వల కాలేదు గానీ నెలకోసారి మూడు నాలుగు రోజులు పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. తాయెత్తు కట్టించారు, పెద్దింట్లమ్మకు మొక్కుకున్నారు. తర్వాత కడుపు కాస్త ఎత్తుగా కనిపించేసరికి ఊళ్లో గుసగుసలు మొదలై, బడి మాన్పించేశారు. నేను వెళ్లేసరికి పిల్ల ఒంటికి కూడా పోయలేక ఏడుస్తోంది. తల్లిని బయట కూర్చోమని, పిల్లను ఒక్కదాన్నే అడిగాను. ప్రతి నెలా దాదాపు అవే రోజుల్లో నొప్పి వస్తోందని చెప్పింది. ఏలూరు పెద్దాసుపత్రిలో చూస్తే కన్నెపొర పూర్తిగా మూసుకుపోయి ఉంది. నెలల తరబడి రావలసిన రక్తం లోపలే పేరుకుని మూత్రానికి అడ్డుపడింది. చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది. పిల్ల తిరిగి బడికెళ్లింది. ఆ గుసగుసలాడినవాళ్లలో ఒక్కరూ వచ్చి తప్పయిందమ్మా అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

పదమూడేళ్లకు కూడా రొమ్ముల ఎదుగుదల మొదలుకాకపోయినా, మొదలై మూడేళ్లయినా రజస్వల కాకపోయినా అలాగే చూపించండి.

3. “ఓర్చుకో” అనేది వైద్యం కాదు

నెలసరి రోజుల్లో గర్భసంచి కండరం బిగుసుకునేలా చేసేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. నొప్పి మాత్రలు వాటి తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే వేసుకోవాలి, అదీ ఏదైనా తిన్నాకే. మాత్రలు వేసుకుంటే అలవాటైపోతుంది, పిల్లలు పుట్టరు అనే మాటల్లో నిజం లేదు. అలాగని మందుల షాపులో ఏదిస్తే అది మింగకండి. మన ఇళ్లలో ఎక్కువగా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తోందని, దాన్ని కనిపెట్టి ఉండాలని 2023 నవంబరులో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. వేడినీళ్ల కాపడం మాత్రం ఎవరికైనా మంచిదే.

మాత్రకూ లొంగక కాలేజీ మానుకునేంత నొప్పి, ఏడాదికేడాది పెరిగే నొప్పి, ఆ రోజుల్లో దొడ్డికెళ్తే వచ్చే నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరగడం) ఉందేమో చూడాలి. ఇది పట్టుబడేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. ఉన్నట్టుండి ఒక పక్కన పొడిచినట్టు నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడిందేమో. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

4. చేపలు లారీలెక్కుతాయి, పిల్ల కళ్లు పాలిపోతాయి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. కొల్లేటి చెరువుల చేపలు ఐసు పెట్టెల్లో బెంగాలు, అస్సాం వెళ్తాయి. ఆ చెరువు గట్టు మీద పనిచేసే ఇంట్లో పిల్ల కంచంలో మాత్రం చారూ అన్నమూ. చేపముక్క ఉన్నా ముందు నాన్నకీ అన్నయ్యకీ.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి చెబుతాను. ఒక హైస్కూల్లో తరగతి గది కిటికీ కింద, కాలవ బురదలో ఆ మాత్రలు చెల్లాచెదురుగా పడి ఉండటం చూశాను. పిల్లల్ని తిట్టకుండా అడిగితే కారణం చెప్పారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో మింగిస్తుంటే వికారం పుడుతోంది, విరేచనం నల్లగా అవుతుంటే భయమేస్తోంది. నల్లగా రావడం సహజమేనని చెప్పి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇప్పించాం. కిటికీ కింద మాత్రలు తగ్గాయి. అయితే వారానికొక మాత్ర రక్తం తగ్గకుండా కాపాడటానికే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్న పిల్లకు డాక్టరు చెప్పినన్నాళ్లు, నెలల తరబడి రోజూ వాడాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది.

సమర్తప్పుడు పిల్లను చాప మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి పెడతాం. ఎంత మంచి ఆచారమో! అదే పిల్లను ఆ తర్వాత ప్రతి నెలా దూరం కూర్చోబెట్టి, అది ముట్టకు, ఇది తినకు అంటాం. చిమ్మిలిని ప్రతి నెలా కొనసాగించండి, దూరం కూర్చోబెట్టడం మానేయండి. నాకు ఆచారాలంటే గౌరవమే గానీ, ఈ విషయంలో మాత్రం మొహమాటపడను.

రక్తం తగ్గడానికి తిండే కాదు, నెలసరిలో ఎక్కువగా పోవడమూ కారణమే. గంటగంటకూ ప్యాడ్ మార్చాల్సి రావడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం మామూలు కాదు. మొదటి నెలసరి నుంచే అలా పోతూ, ముక్కులోంచో చిగుళ్లలోంచో కూడా రక్తం వచ్చే పిల్లకు రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండొచ్చు. వాన్ విల్లెబ్రాండ్ అనే జబ్బుకు పరీక్ష ఉంది. థైరాయిడ్ కూడా చూపించాలి.

5. స్కాన్‌లో నీటి బుడగలు కనిపించినంత మాత్రాన జబ్బు కాదు

“పీసీఓడీ అన్నారండీ, ఇక పిల్లలు పుట్టరంటండీ” అని కాలేజీ పిల్ల ఏడుస్తూ వస్తుంది. స్కాన్‌లో కనిపించేవి ఎదుగుతూ మధ్యలో ఆగిన అండపు కోశాలు. కుర్ర వయసులో అవి చాలామందికి కనిపిస్తాయి. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు స్కాన్ చూసి ఈ జబ్బును నిర్ధారించవద్దని 2018లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. జబ్బు అనాలంటే నెలసరి తప్పుతుండటంతో పాటు గడ్డం కింద ముదురు వెంట్రుకలు, మొండి మొటిమలు, రక్తంలో మగ హార్మోను ఎక్కువ ఉండటం లాంటివి ఉండాలి. మెడ వెనక నల్లబడితే షుగరు పరీక్ష కూడా అవసరం.

హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కుర్చీలోనే కూర్చోబెట్టి, మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో బిస్కెట్లు పెడితే ఒళ్లు రాక ఏం చేస్తుంది? బరువు ఎక్కువున్న పిల్ల అందులో నూటికి అయిదు వంతులు తగ్గినా నెలసరి గాడిన పడే అవకాశం ఉంది. పెళ్లి చేస్తే సర్దుకుంటుందని మాత్రం చేయకండి. సర్దుకోదు. రెండేళ్లు తిరక్కుండానే అత్తారింట్లో గొడ్రాలనే మాట పడుతుంది. నిజానికి ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువమందికి తేలికపాటి మందులతోనే గర్భం వస్తుంది.

పెళ్లికాని పిల్లకు స్కాన్ పొట్ట మీదనుంచే, నీళ్లు తాగించి చేస్తారు. లోపలి పరీక్ష అక్కర్లేదు. ఈ భయంతోనే సగం మంది తల్లులు ఆగిపోతున్నారు.

6. తెల్లబట్ట, తడిబట్ట

నెల మధ్యలో నీళ్లలాగా, జిగురుగా అయ్యేది మామూలే. దురద, పెరుగు విరిగినట్టు ఉండటం, చేపవాసన, ఆకుపచ్చ రంగు ఉంటే వైద్యం చేయించాలి. డెటాల్‌తో లోపల కడగకండి. అక్కడ కాపలా కాసే మంచి సూక్ష్మజీవులు దానితో చచ్చిపోతాయి.

గుడ్డ వాడటం తప్పు కాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. వానాకాలం లంకల్లో చుట్టూ నీళ్లే, ఆరేసే చోటు లేక చీర కింద దాచి తడిగానే కట్టుకుంటారు. దద్దుర్లూ దురదలూ అక్కడే మొదలు. 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం కింద ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించాను. ప్యాడ్ ఏదైనా ఆరు గంటలకోసారి మార్చాలి, చెరువులో పారేయకూడదు.

రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడపిల్లలు మరుగుదొడ్డి సరిగా లేక పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. మూత్రంలో మంట, చలిజ్వరం ఊరికే రావు. ఆ షెడ్ల యజమానులు కూడా ఇది చదవాలి.

7. వాయిదా మాత్రలు

గుడికో పెళ్లికో నెలసరిని వెనక్కి నెట్టే మాత్రలు డాక్టరు చెబితే ఎప్పుడైనా ఒకసారి పర్వాలేదు. ప్రతి పండక్కీ షాపులో కొని మింగకండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివరు జబ్బున్నవాళ్లు అసలు ముట్టకూడదు.

8. టీకా గురించి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌ను ఆపే టీకా 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. 2023 జనవరిలో మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా వచ్చింది. ఈ టీకా అంటే మా వైపు ఉన్న భయానికి ఒక కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. కొన్ని మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రులకు చెప్పకుండా హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని బయటపడింది. ఆ జిల్లాకే చెందిన కుక్కునూరు, వేలేరుపాడు 2014లో అప్పటి మన పశ్చిమ గోదావరి జిల్లాలో కలిశాయి. అక్కడి తల్లి నన్ను వంద ప్రశ్నలడిగితే వందకూ జవాబు చెబుతాను. అడిగే హక్కు ఆమెకుంది.

9. గర్భసంచి

మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 3. పద్దెనిమిది నిండకుండా పెళ్లి, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పైకి తెల్లబట్టనో రక్తస్రావమనో ఇంకో ఆపరేషన్. “పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకా సంచి” అని ఇంట్లోవాళ్లే అంటారు. “వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారండీ” అని ఆమె భయపడుతుంది. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. అనుమానముంటే ముప్పై దాటినవాళ్లకు ముఖద్వార పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ఎక్కువ రక్తస్రావానికి ట్రానెక్జామిక్ మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. అనవసరపు ఆపరేషన్ల మీద నిఘా కమిటీలు వేయాలని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఆపరేషన్ అన్నప్పుడు అడగండి: జబ్బు పేరేమిటి, మందులు ఎన్నాళ్లు వాడి చూశాం, ముక్క పరీక్ష చేశారా, అండాశయాలు ఉంచుతారా? వేరే డాక్టరుకు కూడా చూపించండి.

ఇప్పటికే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం వెతికి, అండాశయాలు కూడా తీశారేమో చూసుకోండి. కాగితం లేకపోతే ఆపరేషన్ చేసిన చోట నకలు అడగండి. 45 ఏళ్లలోపే తీసేసి ఉంటే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. ఎముకల పరీక్ష, బీపీ, షుగరు, కొలెస్ట్రాలు చూపించుకుని, హార్మోన్ల మందు మీకు అవసరమేమో డాక్టరును అడగండి.