చుక్కల పటం గీద్దాం రండి

ఈసారి గోడపత్రికకి నేను లెక్కల పాఠం రాస్తున్నాను. భయపడకండి, ఇందులో కూడికలు కూడా లేవు.

మాది చింతూరు వైపు. శబరి దాటితే ఒడిశా, కొంట వెళితే ఛత్తీస్‌గఢ్. మా పెద్దమ్మ వాళ్ళు కొంట దగ్గర ఉంటారు. సెలవుల్లో వెళ్ళినప్పుడు "మీకంటే మా వైపే చదువు ఎక్కువ" అని పెద్దమ్మ కూతురితో పోట్లాడాను. అక్క ఒప్పుకోలేదు. లెక్క చూపించి ఒప్పిద్దామని మా లెక్కల సారుని అడిగితే 2011 జనాభా లెక్కల్లోని గిరిజనుల అక్షరాస్యత శాతాలు రాసి ఇచ్చారు. మహారాష్ట్ర 65.7, కర్ణాటక 62.1, ఛత్తీస్‌గఢ్ 59.1, తమిళనాడు 54.3, ఒడిశా 52.2, ఆంధ్రప్రదేశ్ 49.2. తెలంగాణ విడిపోయింది 2014లో కనుక మన అంకెలో అదీ కలిసే ఉంది.

ఇక గీయడం. డ్రాయింగ్ షీటు కింద అడ్డంగా ఒక గీత గీసి 45 నుంచి 70 దాకా అయిదేసి చొప్పున గుర్తులు పెట్టాలి. ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి రాష్ట్రాల పేర్లు. ఒక్కో పేరు నుంచి పెన్సిలుతో సన్నని గీత లాగి, శాతం ఉన్న చోట ఒక్క చుక్క. నేను సంతలో కొన్న బొట్టుబిళ్లలు అంటించాను. బాగా కనపడతాయి, ఇంకు పాముకోదు.

మొదట పేర్లు అ ఆ ల వరసలో రాశాను. చుక్కలన్నీ మేక పెంటికలు చెదిరినట్టు పడ్డాయి, ఏమీ తెలియలేదు. సారు చూసి నవ్వి, ఎక్కువ శాతం పైన, తక్కువ కింద వచ్చేలా మార్చమన్నారు. మార్చాక చుక్కలు మెట్లలాగా దిగాయి. అమెరికాలో విలియం క్లీవ్‌లాండ్ అనే ఆయన 1984లో ఇలాంటి పటాల గురించి వ్యాసం రాశారట.

మరి దిమ్మె చిత్రం గీయొచ్చు కదా అంటారేమో. గీయొచ్చు, కానీ దిమ్మె సున్నా నుంచి మొదలవ్వాలి. మనం చూసేది దాని పొడుగే కదా. 45 నుంచి గీస్తే మన దిమ్మె 4 గళ్ళు, మహారాష్ట్రది 20 గళ్ళు వస్తాయి. వాళ్ళు అయిదింతలు చదివినట్టు కనిపిస్తుంది, అది అబద్ధం. చుక్కకి పొడుగు లేదు, ఎక్కడ ఉందన్నదే చూస్తాం. అయినా "45 నుంచి మొదలు" అని పటం మీద రాసి తీరాలి.

పటం చూసి మా గదిలో ఒక అమ్మాయి "మన పేరు అట్టడుగున పెట్టావేంటే, ఇన్‌స్పెక్షనుకి వచ్చేవాళ్ళు చూస్తే పరువు పోద్ది, పైన రాయి" అంది. పేరు పైన రాసినా చుక్క ఎడమ చివరే ఉంటదే అన్నాను. అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

49.2 అంటే ఏడేళ్ళు, ఆపైన వయసున్న నూరుమందిలో 49 మందికే ఏదో ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం, రాయడం వచ్చని. మిగిలిన 51 మందిలో మా అమ్మ ఉంది. ఆడవాళ్ళ లెక్క వేరేగా చూస్తే మన రాష్ట్రంలో 40.1. అది మా పటంలో పట్టలేదు, గీత 45 దగ్గరే మొదలైంది కదా! షీటు అంచున ఆకుపచ్చ బిళ్ల ఒకటి అంటించి పక్కన అంకె రాశాను.

మా తగువు సంగతి. పటంలో ఛత్తీస్‌గఢ్ చుక్క మనకంటే చాలా ముందుంది, అక్కే గెలిచినట్టు. కానీ అది రాష్ట్రం మొత్తం చుక్క, కొంటది కాదు. మన చుక్క కూడా చింతూరుది కాదు. అక్కడి లెక్కలు దొరికితే మళ్ళీ గీస్తాను. బొట్టుబిళ్లలు ఇంకా అయిదు మిగిలాయి, ఎవరూ నుదుటికి పెట్టుకోకండి.