టైఫాయిడ్ జ్వరము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పానగల్ అను పేరుగల ఊళ్ళు దక్షిణ తెలంగాణములో రెండున్నవి. ఒకటి వనపర్తి జిల్లాలో కొండకోట క్రింద నున్నది. రెండవది నల్లగొండ పట్టణమునకు ఆనుకొని యున్నది. ఛాయా సోమేశ్వరాలయమును చూడవచ్చువారు ఈ రెండవ పానగల్లులో ఉదయసముద్రమను పెద్ద చెరువును కూడ చూతురు. కందూరు చోడుల నాటి ఆ చెరువు నేడు కృష్ణా జలములను నిలువచేయు జలాశయమైనది.

నల్లగొండ ప్రాంతమున నీటి మాట యెత్తగానే ఎవరికైనను ఫ్లోరైడు జ్ఞప్తికి వచ్చును. వంగిన కాళ్ళను, గారపట్టిన పళ్ళను చూచి చూచి, "బోరు నీరు మానితిమి, నది నీరు వచ్చినది, ఇక రోగముల భయము లేదు" అని పలువురు తలచుచున్నారు. ఇది సగము మాత్రమే నిజము. ఫ్లోరైడు భూమిలోని రాళ్ళనుండి నీటిలో కరగివచ్చు లవణము. టైఫాయిడును కలిగించునది ప్రాణముగల సూక్ష్మజీవి. నీటిని మరగించినచో సూక్ష్మజీవి చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును కూడ. అట్లే ఫ్లోరైడు తక్కువైన నది నీటిలో టైఫాయిడ్ ఉండకూడదను నియమమేమియు లేదు. ఒక దోషమునకు చేసిన వైద్యము రెండవదానికి పనికిరాదు.

ఈ సూక్ష్మజీవి పేరు సాల్మొనెల్లా టైఫీ. దీనికి మనుష్య శరీరమే నివాసము. రోగి మలమూత్రములతో ఇది బయటికి వచ్చును. ఒక ఇంట టైఫాయిడ్ వచ్చినదనగా, మరియొకరి మలము నీటి ద్వారానో ఆహారము ద్వారానో ఆ ఇంటివారి నోటికి చేరినదని అర్థము. వినుటకు రోతగా నున్నను ఈ మాటను గ్రామసభలో స్పష్టముగా చెప్పవలసినదే. 2019 నాటి అంచనా ప్రకారము ప్రపంచమున ఏటేట సుమారు 90 లక్షల మందికి ఈ జ్వరము వచ్చుచుండగా 1,10,000 మంది మరణించుచున్నారు.

సూక్ష్మజీవి లోనికి పోయిన ఒకటి రెండు వారములకు జ్వరము మొదలగును. అది మెట్లెక్కినట్లు దినదినము హెచ్చి 103, 104 డిగ్రీలకు చేరును. తలనొప్పి, నీరసము, కడుపునొప్పి, ఆకలి లేకుండుట, నాలుకపై తెల్లని పాచి కనబడును. కొందరికి మలబద్ధము, కొందరికి విరేచనములు కలుగును. చికిత్స లేనిచో మూడవ వారమున ప్రేగునకు రంధ్రము పడవచ్చును. కడుపు బిగిసి తీవ్రమైన నొప్పి వచ్చినను, మలములో రక్తము పడినను, మలము తారువలె నల్లగా నున్నను, క్షణమైన ఆలసింపక 108 వాహనమును పిలువవలెను.

మూడు దినములకు మించిన జ్వరమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపవలెను. విడాల్ పరీక్ష చీటీ ఒక్కటి చూచి టైఫాయిడని నిశ్చయించుట సరికాదు. వెనుక వచ్చిన జ్వరము వలనను, ఇతర కారణముల వలనను అది తప్పు చూపవచ్చును. మందులు మొదలిడుటకు ముందే రక్తము తీసి కల్చరు పరీక్ష చేయించుట మేలు.

1948కి పూర్వము ఈ జ్వరమునకు సరియైన మందే లేదు. ఆ యేట క్లోరాంఫెనికాల్ వాడుకలోనికి వచ్చినది. 1990 ప్రాంతమున మన దేశములో ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు విస్తారముగా వ్యాపించినవి. పిమ్మట సిప్రోఫ్లాక్ససిన్ గతియు అట్లే అయినది. నేడు వైద్యులు ఎక్కువగా అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటివి ఇచ్చుచున్నారు. సరియైన మందు పడినను జ్వరము దిగుటకు నాలుగైదు దినములు పట్టును. ఈలోగా ఆత్రపడి ఊరిలో మరియొకరిచే సూది వేయించుట, జ్వరము దిగగానే మాత్రలు మానుట, రెండును హానికరములు. లంఖణము పరమౌషధమను సామెత ఇచ్చట చెల్లదు. పస్తులుంచినచో రోగి మరింత క్షీణించును. జావ, మెత్తని అన్నము, పెరుగు, పప్పునీరు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను.

జ్వరము తగ్గినవారిలో కొందరి పిత్తకోశములో సూక్ష్మజీవి దాగియుండి ఏండ్ల తరబడి మలముతో వెలువడుచుండును. న్యూయార్కులో మేరీ మాలన్ అను వంటమనిషి తాను ఏ రోగమును ఎరుగననుచునే పనిచేసిన ఇండ్లలో పలువురికి టైఫాయిడును అంటించినది. 1907లో ఆమెను పట్టి నిర్బంధించిరి, 1910లో విడిచిరి, మరల వంటపనిలో చేరుటచే 1915లో తిరిగి నిర్బంధింపగా 1938లో మరణించువరకు అట్లే యుండెను. మా దృష్టిలో ఆమె నేరస్థురాలు కాదు. మన ఊళ్ళలో పెండ్లి వంటవారిని, బడిలో మధ్యాహ్న భోజనము వండువారిని అనుమానించుట మా ఉద్దేశ్యము కాదు. వారికి మరుగుదొడ్డి, నీరు, సబ్బు సమకూర్చుటయే కావలసినది. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఒక్కమారు వేయదగిన టీకా కూడ కలదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దానిని తయారుచేసినది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి టీకాను వ్యాధి మెండుగానున్న దేశములకు సిఫారసు చేసినది.

ఇక పంచాయతీ చేతిలోని పని. దూరమునుండి శుద్ధియై వచ్చిన నీరు తరచుగా చివరి పది గజములలోనే చెడుచున్నది. నీరు సన్నగా వచ్చుచున్నదని నల్లా క్రింద గుంత త్రవ్వి, గొట్టమును కోసి, అందులో బిందె దించి పట్టుకొనుట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. నీరు వచ్చునంతసేపు గొట్టములో ఒత్తిడి యుండును. నీరు కట్టగానే గొట్టము లోపలికి పీల్చును. గుంతలో నిలిచిన మురుగు అందులోనికి చేరును. మరునాడు ఆ మురుగే మొదటి బిందెలో పడును. గొట్టమునకు మోటారు తగిలించినచో పీల్చుట మరింత హెచ్చును. గుంతలను పూడ్పించి నల్లాలను నేలకు పైకి ఎత్తించుట వలన ఓట్లు పోవునని కొందరు సభ్యులు జంకుదురు. నీరు తక్కువైన వీధివారితో ముందుగా మాటలాడి, వారికి సరిగా నీరందు సమయము ఏర్పరచిన పిమ్మట ఈ పని చేయుట ఉచితము.

మురుగు కాలువలో మునిగిన గొట్టములను, కారుచున్న అతుకులను వర్షాకాలమునకు ముందే బాగుచేయింపవలెను. ట్యాంకు లోపల కడిగించి, ప్రతి 1000 లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున కలిపి, గంటసేపు ఆగి నీరు విడువవలెను. 40,000 లీటర్ల ట్యాంకునకు ఇది 100 గ్రాములగును. మూత తీసియుంచిన సంచిలోని పొడి సత్తువ కోల్పోవును. ఘాటైన వాసన లేని పొడిని లెక్క ప్రకారము వేసినను ఫలము లేదు. కావున ట్యాంకు వద్ద కాక, గొట్టము కొసనున్న ఆఖరి ఇంటి నల్లావద్ద క్లోరోస్కోపుతో నీటిని పరీక్షింపవలెను. అచ్చట లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనబడవలెను. ఆ అంకెను, తేదీని పంచాయతీ పుస్తకములో వ్రాయించి, ఏ వీధిలో జ్వరములు వచ్చుచున్నవో ఆశా కార్యకర్త నడిగి దాని ప్రక్కనే గుర్తింపవలెను.